గ్రబోవాలో తెర వెనక మనిషి

ఒక ఊరిని లేకుండా చెయ్యడానికి ప్రొఫెసర్ వెలిజార్‌కు ఎర్ర సిరా కలం ఒక్కటి సరిపోయింది.

"గ్రబోవా," అని పైకి చదివాడు. ఆ పేరు మీద అడ్డంగా ఒక గీత గీశాడు. కలానికి మూత పెట్టాడు. "అయిపోయింది."

ఎదురుగా నిలబడ్డ దున్యా ఆ గీతనే చూసింది. ఆ గీత కింద పడింది ఊరొక్కటే కాదు. ఆమె డాక్టరేట్ కూడా అక్కడే ఉంది.

విషయం చిన్నదే. సెర్బియా పల్లెల్లో జనం ఒకరినొకరు ఎంతవరకు నమ్ముతారో తేల్చడానికి బెల్‌గ్రేడ్‌లోని ఆ పరిశోధన సంస్థ పెద్ద సర్వే చేసింది. రెండొందల ఊళ్లు. అన్నిచోట్లా కొందరు అవునన్నారు, కొందరు కాదన్నారు. పశ్చిమాన కొండల్లో ఉన్న గ్రబోవాలో మాత్రం ఒక్కరంటే ఒక్కరు అవునన్న పాపాన పోలేదు. ఇరుగుపొరుగును నమ్ముతారా? నమ్మం. ఆరోగ్యం బాగుందా? చస్తున్నాం. సంతోషంగా ఉన్నారా? ఆ మాటే ఎత్తొద్దు.

దున్యాకు ఆ ఊరు కావాలి. అందరికంటే వేరుగా ఉన్న ఆ ఒక్క ఊళ్లో కూర్చుని, ఎందుకలా ఉందో తవ్వి తీయాలి. కేస్ స్టడీ. ఆ మాట వింటేనే ప్రొఫెసర్‌కు కడుపులో మంట.

"చూడమ్మాయ్," అన్నాడాయన, "రెండొందల ఊళ్లు చూస్తే శాస్త్రం. ఒక్క ఊరు చూస్తే కబుర్లు. కబుర్లకు మా అత్తగారుంది, డాక్టరేట్ ఎందుకు?"

"కాలిపోయిన ఇల్లు ఒక్కటి చూసినా నిప్పెక్కడ అంటుకుందో తెలుస్తుంది కదా సార్. రెండొందల ఇళ్లు కాలేదాకా ఆగాలా?"

"నోరు మాత్రం బాగా పనిచేస్తుంది నీకు." ప్రొఫెసర్ బల్ల మీదున్న చాక్లెట్ల డబ్బా ఆమె వైపు తోశాడు. ఆయనకు ఆ వారమే మనవడు పుట్టాడు. సంస్థలో అందరికీ చాక్లెట్లు, దున్యాకు చాక్లెట్‌తోపాటు చివాట్లు. "శుక్రవారం కమిటీ కూర్చుంటుంది. ఆలోగా ఆ ఊరి సంగతి తేల్చావా, నీ కేస్ స్టడీ నీది. తేల్చలేదా, ఈ గీత ఉంటుంది, నువ్వు సోమవారం నుంచి మిలుతిన్ పక్కన కూర్చుని నా పట్టికలు నింపుతావు. రిటైరయ్యేదాకా. నువ్వు కాదు, నేను రిటైరయ్యేదాకా."

మిలుతిన్ తలుపు దగ్గరే ఉన్నాడు, నోట్లో చాక్లెట్‌తో. ప్రొఫెసర్‌కు కుడిభుజం. నలభై దాటిన బొద్దు మనిషి. పోయిన నెలలో ఆ ప్రాంతంలో సర్వే చేసింది అతనే.

"గ్రబోవాయేనా?" అన్నాడు వరండాలో ఆమె వెంట పడి. "స్టామెనా అవ్వ ఇంట్లో దిగు. ఊరంతా అక్కడే దొరుకుతుంది. ఇల్లిల్లూ తిరిగి కాళ్లరగ్గొట్టుకోనక్కర్లేదు. ఇంకో సంగతి." అతని కళ్లు సగం మూతపడ్డాయి. "ఆవిడ గిబానిత్స ఉంది చూడూ... పొరలు పొరలుగా... మధ్యలో జున్ను కరిగి..."

"అక్కడి జనం ఎలాంటివాళ్లు అన్నా?"

"జనమా?" మిలుతిన్ ఆలోచించాడు. "అంచులు మాత్రం కరకరలాడాలి. ఆవిడకు తెలుసు ఆ కిటుకు."

* * *

బుధవారం మధ్యాహ్నం బస్సు ఆమెను కొండ మలుపులో దించేసి పోయింది. గ్రబోవా ఎదురుగా ఉంది. ఎర్ర పెంకుల కప్పులు, ప్లమ్ తోటలు, ఎక్కడినుంచో తేలివస్తున్న సారా బట్టీ వాసన.

దేశంలోకెల్లా అపనమ్మకం ముదిరిన ఊరు! దున్యా సంచీ ఛాతీకి అదుముకుని నడిచింది.

మొదటి ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల ఎవరూ లేరు. రెండో ఇంటి తాళంచెవి తాళంలోనే వేలాడుతోంది. దారి పక్కన ట్రాక్టర్ ఇంజను నడుస్తూనే ఉంది, డ్రైవరు లేడు. ఊరి దుకాణంలో మనిషి లేదు. గల్లా మీద అట్టముక్క: "తోటలో ఉన్నాను. కావాల్సింది తీసుకోండి, సాయంత్రం చెప్పండి."

దున్యా ఆ అట్టముక్కను రెండుసార్లు చదివింది. దొంగలని ఒకరినొకరు తిట్టుకునే ఊళ్లో ఇదేమిటి?

ఎవరినన్నా ఆపి అడిగితే పోయేదే. కానీ అడగలేదు. పద్ధతి నేర్చుకున్న పిల్ల. సర్వే ఎలా జరిగిందో మొదట అచ్చం అలాగే మళ్లీ చెయ్యాలి. అదే ఇల్లు, అవే ప్రశ్నలు, అదే వరస.

స్టామెనా అవ్వ వాకిట్లోనే ఎదురైంది. చిన్న మనిషి, నల్ల తలగుడ్డ, తుపాకీ గుండులాంటి గొంతు.

"బెల్‌గ్రేడ్ నుంచా? ఆ బొండాం పంపాడా? రా, కూర్చో. ఇంత చిక్కిపోయావేంటే పిల్లా, అక్కడ తిండి రేషనిస్తున్నారా?"

లోపలికి అడుగు పెడుతుంటే తలుపు గడియకు కట్టిన ఎర్ర దారం దున్యా కంటబడింది. పెరట్లో ఒక కుర్రావిడ ఎండ ఉండగానే తీగమీది బట్టలన్నీ గబగబా లాగేసి, చంకలో దాచుకున్నట్టు పట్టుకుని పక్కగదిలోకి పరుగెత్తింది. అవ్వ కోడలు కోవిల్క. దున్యా పలకరించినా ఆగలేదు.

ఇక మూడోది. పొయ్యి పక్కన, గది మూలన, పైనుంచి కిందదాకా మందపాటి పువ్వుల తెర. అవతల ఏముందో కనిపించదు.

బెంచీ మీద ఆ తెర పక్కనే చోటు చూపించింది అవ్వ. "ఆ బొండాం కూడా ఇక్కడే కూర్చున్నాడు. లేపితే లేవలేదు."

పొద్దువాలే వేళకు గది నిండింది. చేతుల్లో ఏదో ఒకటి లేకుండా ఎవరూ రాలేదు. ఒకామె వేడి సూప్ తెచ్చింది, ఇంకొకామె బుట్టెడు గుడ్లు. మీసాల రదోసావ్ పక్కింటాయన. రావడంతోనే పనిముట్లు తీసి అవ్వ చెయ్యిపంపు బిగించడానికి కూర్చున్నాడు. అవ్వ పళ్లెం నిండా గిబానిత్స ఆయన ముందు పెట్టింది. అంచులు కరకరలాడుతున్నాయి. మిలుతిన్ అబద్ధం చెప్పలేదు.

దున్యా కాగితాలు తీసింది. "రదోసావ్ మావయ్యా, మీ ఇరుగుపొరుగును మీరు నమ్ముతారా?"

రదోసావ్ చేతిలో రెంచి ఆగింది. ఆయన కళ్లు ఒక్క క్షణం తెర వైపు వెళ్లి వచ్చాయి.

"నమ్మడమా?" అన్నాడు, అవసరం లేనంత గట్టిగా. "ఈ స్టామెనానా? నా కోళ్లన్నీ మింగేసింది ఈ మంత్రగత్తె!"

"నీ కోళ్లా?" అవ్వ కూడా తెర వైపు చూసే అంది. "నీ మొహానికి కోళ్లు కూడానా! నా పాతిక గజాల కంచె లాక్కున్న దొంగవు!" అంటూనే ఇంకో ముక్క ఆయన పళ్లెంలో వేసింది. "తిను, చల్లారిపోతుంది."

"మీ ఆరోగ్యం?" దున్యా తర్వాతి ప్రశ్నకు వెళ్లింది.

"రేపో మాపో పోతాను," అన్నాడు రదోసావ్, ఒంటిచేత్తో పంపు ఎత్తి పక్కన పెడుతూ.

"పంట?"

"పురుగుల పాలు."

"సంతోషంగా ఉన్నారా?"

గదిలో అందరూ తెర వైపు చూశారు. "ఈ ఊళ్లోనా?" అన్నారు ఒకేసారి. "మా అంత దిక్కుమాలినవాళ్లు లోకంలో లేరు!"

సర్వేలో వచ్చిన జవాబులే. అక్షరం పొల్లుపోలేదు. కానీ కాగితం మీద కనిపించనిది ఒకటి ఇక్కడ కనిపించింది. నోరు తెరిచే ముందు ప్రతివాళ్లూ ఆ తెర వైపు చూస్తున్నారు.

సరిగ్గా అప్పుడే తెర వెనక ఏదో కదిలింది. ఒక మూలుగు వినిపించింది.

గది గదంతా బిగుసుకుపోయింది.

"పిల్లి," అంది స్టామెనా అవ్వ.

అదే సమయానికి పిల్లి వీధి తలుపులోంచి తీరిగ్గా లోపలికి వచ్చి, దున్యా కాళ్లు రాసుకుని కూర్చుంది.

రదోసావ్ మీసం సవరించుకున్నాడు. "ఇంకో పిల్లి," అన్నాడు.

* * *

మిద్దె మీది గదిలోకి వెళ్లగానే దున్యా మిలుతిన్‌కు ఫోన్ చేసింది.

"అన్నా, ఆ తెర వెనక ఎవరున్నారు?"

"ఏ తెర?"

"పొయ్యి పక్కన. నువ్వు కూర్చున్న చోటే. జవాబు చెప్పే ముందు అందరూ అటే చూస్తారు!"

"నేను పొయ్యి వైపు చూస్తున్నా అమ్మా. గిబానిత్స పొయ్యిలో ఉంది." కాసేపు ఆగాడు. "ఈసారి కూడా చేసిందా?"

దున్యా ఫోన్ పెట్టేసింది. ఇక అనుమానం లేదు. ఊరంతటినీ ఎవరో గుప్పిట్లో పెట్టుకున్నారు. వాడెవడో తెర వెనక కూర్చుని ఎవరేమంటున్నారో వింటున్నాడు. వాడి భయానికే జనం ఒకరినొకరు తిట్టుకుంటున్నారు. ఇంత పెద్ద సంగతిని ప్రొఫెసర్ ఒక్క గీతతో కొట్టేశాడు!

తలుపుకు గడియ పెట్టబోయింది. దానికి గడియే లేదు. కుర్చీ అడ్డం పెట్టుకుని పడుకుంది.

మర్నాడు తోట చివర బట్టీ దగ్గర రదోసావ్ ఒక్కడే దొరికాడు. రాగి బిందె కింద మంట ఎగదోస్తున్నాడు. గొట్టం చివర ప్లమ్ సారా, వాళ్ల రకియా, సన్నగా కారుతోంది. చుట్టూ చెట్లు తప్ప ఇంకేం లేవు. తెరలు లేవు, పొయ్యిలు లేవు. దున్యా అటూ ఇటూ చూసి, అదే ప్రశ్న గుసగుసగా అడిగింది.

"మావయ్యా, మీ ఇరుగుపొరుగును నమ్ముతారా?"

"అదేం ప్రశ్న?" రదోసావ్ నవ్వాడు. "నా ఇంటి తాళంచెవి స్టామెనా దగ్గరే ఉంటుంది. పోయినేడు నాకు ఆపరేషనైతే నా ఆవుల్ని నెలంతా ఆవిడే చూసింది. అలాంటి మనిషి ఎక్కడ దొరుకుతుంది!"

దున్యా నిన్నటి కాగితం వెనక్కి తిప్పి చూసింది. "నిన్న మంత్రగత్తె అన్నారు!"

"నిన్న ఇంట్లో ఉన్నాం కదా."

"మరి మీ ఆరోగ్యం?"

"ఎద్దులా ఉన్నా. చూడు." మూటలు మోసే చేతిని మడిచి కండ చూపించాడు. "పంటంటావా, ఈ పదేళ్లలో ఇన్ని ప్లమ్ పళ్లు కాయలేదు."

"అయితే ఇంట్లో ఎవరున్నారు మావయ్యా? తెర వెనక ఎవరున్నారు?"

రదోసావ్ నవ్వు ఆగిపోయింది. చేతిలో కట్టె కింద పెట్టాడు. తల మీది టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

"నలభై రోజులు నిండనీ పిల్లా," అన్నాడు మెల్లగా. "ఆ తర్వాత నువ్వడక్కపోయినా చెబుతాం. అప్పటిదాకా పరాయివాళ్ల ముందు ఆ ఊసెత్తడం మంచిది కాదు. అందులోనూ నీకు ఆకుపచ్చ కళ్లు."

నలభై రోజులు! గడువా? బెదిరింపా? తన కళ్లతో వాళ్లకేం పని? రేపే శుక్రవారం. నలభై రోజులు ఆగే తీరిక ఆమెకు లేదు.

వెనక్కి తిరిగింది.

స్టామెనా అవ్వ ఇంటి తలుపు ఎప్పటిలాగే తెరిచి ఉంది. అవ్వ కనిపించలేదు. కోవిల్క పెరట్లో పంపు దగ్గర నీళ్లు పడుతోంది. దున్యా చెప్పులు విడిచి పిల్లిలా లోపలికి జొరబడింది. బల్ల మీద అప్పడాల కర్రలాంటి పొడుగాటి కర్ర కనిపిస్తే చేతిలోకి తీసుకుంది. గిబానిత్స పొరలు సాగదీసే కర్ర అది. ఈ ఊళ్లో అంతకంటే నమ్మదగ్గ ఆయుధం లేదు.

తెర వెనక ఎవరో బరువుగా ఊపిరి తీస్తున్నారు.

కర్ర ఎత్తి పట్టుకుంది. ఎడమ చేత్తో తెర అంచు అందుకుంది. కళ్లు మూసుకుని ఒక్క లాగు లాగింది.

కళ్లు తెరిచింది.

ఉయ్యాల. ఉయ్యాల్లో బొద్దుగా, ఎర్రగా, అరచేతులంత చెంపలతో ఒక పసివాడు. చొక్కా తిరగేసి తొడిగారు. మణికట్టుకు ఎర్ర దారం. నుదుటి మీద మసితో పెట్టిన గుండ్రటి దిష్టిచుక్క. వాడు దున్యాను చూసి, బోసి నోటితో ఆవులించి, అచ్చం నిన్నటి మూలుగే మూలిగాడు.

కర్ర దానంతటదే కిందికి దిగింది. ఆమె బెల్‌గ్రేడ్‌లో పుట్టి పెరిగిన పిల్ల. తల్లి లెక్కల టీచరు, తండ్రి ఇంజినీరు. ఇంట్లో ఎవరికీ ఇలాంటి పట్టింపులు లేవు. అందుకే నోట్లోంచి ఆ మాట వచ్చేసింది.

"అబ్బ! ఎంత ముద్దొస్తున్నాడో!"

వెనక పళ్లెం నేలకేసి కొట్టినట్టు చప్పుడైంది. గడపలో స్టామెనా అవ్వ నిలబడి ఉంది.

"అయిపోయింది!" అని కేక పెట్టింది. "పచ్చ కళ్లతో చూసి, నోటితో పొగిడింది! కోవిల్కా, నిప్పులు తే! నీళ్లు తే! రదోసావ్!"

ఊరెంత దగ్గరగా ఉందో దున్యాకు అప్పుడు తెలిసింది. కేక ఇంకా గోడలకు తగిలి ఆగకముందే గది నిండిపోయింది. అందరూ తూ తూ తూ అంటున్నారు. ఒకామె చెడు పోవాలని బల్ల చెక్క మీద టకటక కొడుతోంది. కోవిల్క పిల్లాణ్ణి ఎత్తుకుని ఏడుపు మొహం పెట్టింది. అవ్వ పొయ్యిలోంచి నిప్పుకణిక తీసి నీళ్ల గిన్నెలో వేసింది. అది సుయ్‌మని అరిచి అడుక్కి దిగిపోయింది.

"మునిగింది!" అన్నారందరూ. "చూశావా? దిష్టే!"

"నాకు తెలీదు అవ్వా, నేను మంచి మాటే..."

"అదే తప్పు! వెనక్కి తీసుకో! తిట్టు వాణ్ణి!"

"ఏమని తిట్టను?"

"అందవికారంగా ఉన్నాడని చెప్పు, త్వరగా!"

దున్యా పిల్లాడి వైపు చూసింది. "అంత... అంత చెప్పుకోదగ్గ అందగాడేమీ కాదు."

"అది తిట్టటే?" రదోసావ్ ఆగలేకపోయాడు. "ముద్దు చేసినట్టుంది! గట్టిగా తిట్టు!"

"కప్పలా ఉన్నాడు!"

"ఇప్పుడు దారిలో పడ్డావు. ఇంకా?"

"ఉడకబెట్టిన దుంపలా ఉన్నాడు! మా ప్రొఫెసర్‌లా ఉన్నాడు! తూ తూ తూ!"

అవ్వ రెండో నిప్పుకణిక వేసింది. అది తేలింది. గదంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. కోవిల్క కళ్లు తుడుచుకుని దున్యా వైపు మొదటిసారి నవ్వింది. "ఆ చివరిది బాగా పనిచేసిందక్కా," అంది.

వాడి పేరు వూక్. అంటే తోడేలు. అలాంటి పేరు పెడితే ఏ చెడుగాలీ దగ్గరకు రాదట. ఆ ఊళ్లో పిల్లలు పుట్టి ఏళ్లు గడిచాయి. ఇంతకాలానికి పుట్టిన ఒక్క బిడ్డను నలభై రోజులు నిండేదాకా పరాయి కంట పడనివ్వకూడదని ఊరంతా ఒక్కటై కాపలా కాస్తోంది. తీగమీది బట్టలు కోవిల్క దాచింది కూడా అందుకే.

దున్యా బెంచీ మీద కూలబడింది. నిన్న కూర్చున్న చోటే. ఉయ్యాలకు మూరెడు దూరం. బుర్రలో ఏదో టక్కున కలిసింది.

"అవ్వా, మా మిలుతిన్ అన్న వచ్చిన రోజు ఇంట్లో ఎవరెవరున్నారు?"

"అందరూ ఉన్నారు. బాలింతను చూడ్డానికి ఊరంతా వచ్చింది. ఆ బొండాం అదే అదనని ఇక్కడే కాగితాలు పరిచాడు."

"వీడు ఉయ్యాల్లో ఉన్నాడా?"

"మరి ట్రాక్టర్ మీదుంటాడా?"

"వీడి పక్కన కూర్చుని మీరు సంతోషంగా ఉన్నారా అని అడిగాడు."

"అడిగాడు." అవ్వ చేతులు తిప్పింది. "పసిబిడ్డ వింటుండగా బాగున్నామని అంటారటే ఎవరైనా? మంచి సంగతి పైకి చెబితే దిష్టి వాడికేగా తగిలేది! బయటికి రా నాయనా, అక్కడ చెబుతామన్నాం. వచ్చాడా? పొయ్యిలోంచి పళ్లెం దిగేదాకా కదల్లేదు."

దున్యా నవ్వడం మొదలుపెట్టింది. ఆపుదామంటే ఆగలేదు. ఒక ఊరు ఊరంతా ఒక బిడ్డ కోసం కట్టగట్టుకుని అబద్ధమాడింది. ఒకరికొకరు చెప్పుకోలేదు, అనుకోలేదు. నమ్మకమంటే ఇంతకంటే ఏముంటుంది? దాన్ని సర్వే దేశంలోకెల్లా పెద్ద అపనమ్మకంగా రాసుకుంది.

"అవ్వా, వీడి సంగతి బెల్‌గ్రేడ్‌లో కమిటీ ముందు చెప్పొచ్చా? నా చదువంతా దీనిమీదే ఉంది."

అవ్వ కోవిల్క మొహం చూసింది. కోవిల్క రదోసావ్ మొహం చూసింది. రదోసావ్ చాలాసేపు మీసం దువ్వుకున్నాడు.

"చెప్పుకో," అన్నాడు. "కానీ బాగున్నాడని మాత్రం రాయకు."

* * *

కమిటీ గదికి కొత్త బల్ల వచ్చింది. అద్దం పలక, ఇనుప కాళ్లు. అధ్యక్షురాలు డాక్టర్ స్మిల్య, తెల్ల జుట్టు మనిషి, ఎవరికీ భయపడదు. కాఫీ అందిస్తుండగా ప్రొఫెసర్ వైపు తిరిగింది.

"తాతయ్యారటగా వెలిజార్! ఎలా ఉన్నాడు మనవడు?"

"ఏముందండీ," అన్నాడు ప్రొఫెసర్, చెయ్యి విదిలిస్తూ. "ముడతల మొహం, ముసలి తాబేలులా ఉన్నాడు. సరిగ్గా పాలు కూడా తాగడు." అంటూనే చెక్క కోసం చెయ్యి చాపాడు. అద్దం తగిలింది. బల్ల కింద వెతికాడు, ఇనుము తగిలింది. కుర్చీ ప్లాస్టిక్. చివరికి పక్కనే కూర్చున్న మిలుతిన్ తల మీద వేళ్లతో మూడుసార్లు టకటక కొట్టాడు.

మిలుతిన్ తల వంచి ఇచ్చాడు. అలవాటే కాబోలు.

దున్యా మాత్రం అదంతా చూసింది.

ఆమె వంతు వచ్చింది. తెర, పిల్లి, బట్టీ, ఉయ్యాల, నిప్పుకణిక, అన్నీ చెప్పింది. కమిటీవాళ్లు మొదట నవ్వారు. తర్వాత నవ్వు ఆపి రాసుకోవడం మొదలుపెట్టారు. ప్రొఫెసర్ ఒక్కడే కదల్లేదు.

"ముచ్చటగా ఉంది," అన్నాడు. "కొండల్లో చదువురాని ముసలమ్మల చాదస్తం. మనకెందుకు? ఒక్క ఊళ్లో ఒక పిల్లాడు ఉయ్యాల్లో ఉన్నాడు. నా రెండొందల ఊళ్లకు దాంతో పనేముంది? చదువుకున్నవాళ్లెవరూ ఇలాంటివి పట్టించుకోరు."

"అయితే సార్, ఒక్క చిన్న పని చేస్తే నేను ఇప్పుడే ఓడిపోతాను," అంది దున్యా. "మీ మనవడు చక్కగా, ఆరోగ్యంగా, లోకంలోకెల్లా అందంగా ఉన్నాడని ఇక్కడ అందరిముందూ గట్టిగా చెప్పండి. ఒక్కసారి. సోమవారం నుంచి మీ పట్టికలు నింపుతాను."

కమిటీ అంతా ప్రొఫెసర్ వైపు తిరిగింది.

ప్రొఫెసర్ నోరు తెరిచాడు. "దానికేం భాగ్యం. నా మనవడు..." ఆగాడు. నీళ్లు తాగాడు. "నా మనవడు చాలా..." పెదవులు కదిలాయి కానీ మాట రాలేదు. రెండొందల ఊళ్లు ఒకవైపు, ముడతల మొహం చిన్నవాడు ఒకవైపు. ఆయన ఎటు చూస్తున్నాడో అందరికీ కనిపిస్తూనే ఉంది.

"తాబేలే," అన్నాడు చివరికి, నీరసంగా. "ముసలి తాబేలు. తూ తూ. రాసుకో అమ్మాయ్, ఏం రాసుకుంటావో."

డాక్టర్ స్మిల్య నవ్వు ఆపుకోవడానికి కళ్లద్దాలు తుడుచుకుంది. తర్వాత మొహం గంభీరంగా పెట్టి మిలుతిన్ వైపు తిరిగింది.

"ఒక్క ఊరు చూడకపోతే ఈ ప్రశ్న నాకు తట్టేదే కాదు. మిలుతిన్, మిగతా ఊళ్లలో నువ్వెక్కడ కూర్చుని అడిగావు?"

"జనం ఉన్నచోట మేడమ్."

"జనం ఎక్కడున్నారు?"

"తిండి ఉన్నచోట." మిలుతిన్ నిజాయితీగా వేళ్లు మడిచాడు. "ఓ చోట కులదైవం పండగ భోజనం. ఓ చోట పెళ్లి. సెలిష్టెలో కర్మభోజనం. బ్రహ్మాండమైన క్యాబేజీ చుట్టలు అక్కడ."

ప్రొఫెసర్ మొహంలో రంగు మారింది. సెలిష్టె ఆయన రాబోయే పుస్తకానికి ముఖచిత్రం. దేశంలోకెల్లా నమ్మకం ఎక్కువున్న ఊరు. అక్కడ ఒక్కరు కూడా పొరుగువాళ్లను పల్లెత్తు మాట అనలేదు.

"పోయినాయన ఫొటో బల్ల మీదే పెట్టారా?" అడిగింది దున్యా.

"కొవ్వొత్తి కూడా వెలిగించారు," అన్నాడు మిలుతిన్. "ఆయన పొరుగువాళ్లే కదా అంతా. ఆ బల్ల దగ్గర చెడ్డమాట ఎవరంటారు?" అన్నాక తనన్న మాట తనకే వినిపించింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

ప్రొఫెసర్ జేబులోంచి ఎర్ర సిరా కలం తీశాడు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. బల్ల మీదుగా దున్యా వైపు దొర్లించాడు.

"గ్రబోవా నువ్వు రాయి," అన్నాడు. "ఆ తర్వాత సెలిష్టెకు వెళ్లు. వీణ్ణి మాత్రం తీసుకెళ్లకు."

బయట వరండాలో కిటికీ దగ్గర నిలబడి దున్యా ఫోన్ తీసింది. అవతల మొదట వూక్ ఏడుపు, తర్వాత పంపు చప్పుడు, ఆ తర్వాత తుపాకీ గుండులాంటి గొంతు వినిపించాయి.

"ఏమైందే పిల్లా? ఒప్పుకున్నారా?"

ఒప్పుకున్నారవ్వా అని అరవబోయి దున్యా ఆగింది. చుట్టూ చూసింది. పాత కిటికీ. చట్రం చెక్కదే. దాని మీద గట్టిగా మూడుసార్లు కొట్టింది.

"నాశనమైపోయింది అవ్వా," అంది. "ఇంతకంటే ఘోరంగా ఎవరికీ జరిగి ఉండదు. తూ తూ తూ."

ఫోన్‌లో ఊరు ఊరంతా కేరింతలు కొట్టింది.